ఆరు కోర్టుల అరుపులు

మార్చి 22, శనివారం

అల్లుడు ల్యాబుకి వెళ్తూ నన్నూ మా ఆవిడనీ దారిలో టెన్నిస్ కోర్టుల దగ్గర దింపేశాడు. శనివారం కూడా ల్యాబేమిటయ్యా అంటే, "కోళ్ళకి శనాదివారాలు తెలియవు కదా మావయ్య గారూ" అన్నాడు. ఇక్కడి జార్జియా యూనివర్సిటీలో కోళ్ళ మీద పరిశోధనకి పెద్ద విభాగమే ఉంది. తిరుపతిలోనో గన్నవరంలోనో వెటర్నరీ చదివి ఇటు వచ్చినవాళ్ళు ఇంత చిన్న ఊళ్ళో కూడా తగులుతూనే ఉన్నారు.

నాకు కోళ్ళతో పని లేదు. పేపర్లో ఆటల పేజీ చూస్తూ ఉద్యోగం గడిపినవాణ్ణి. అమ్మాయి "ఏథెన్స్‌లో ఇల్లు తీసుకున్నాం నాన్నా" అని చెప్పిన రోజు నాకు మొదట గుర్తొచ్చింది ఈ టెన్నిస్ కోర్టులే. అట్లాంటాకి తూర్పున ఓ 110 కిలోమీటర్లు. 1785లో పుట్టిన యూనివర్సిటీ, దాని చుట్టూ అల్లుకున్న ఊరు. ఆ యూనివర్సిటీలో డాన్ మగిల్ టెన్నిస్ కాంప్లెక్సు, అందులో హెన్రీ ఫీల్డ్ స్టేడియం. అమెరికా కాలేజీ టెన్నిస్ జాతీయ పోటీలు ఎక్కడ అంటే చాలా ఏళ్ళపాటు మరో ఊరి పేరు చెప్పే పనే లేకపోయింది.

గ్యాలరీలో కూర్చోబోతుంటే మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. బెంచీ మీద వేలితో గీసి చూపించింది. పచ్చటి పొడి. పైన్ చెట్లు పుప్పొడి రాల్చే రోజులట. కార్ల మీదా, చెట్ల ఆకుల మీదా, కోర్టు మూలల్లోనూ అదే. "పేరంటానికి పిలిచినట్టుంది, కాళ్ళకి పసుపు రాసి మరీ పంపుతున్నారు" అంది. చీర కుచ్చెళ్ళు దులుపుకుని, కొంగుతో బెంచీ తుడిచి కూర్చుంది. నేను తుమ్ముతూ కూర్చున్నాను.

మ్యాచ్ లేదు, ప్రాక్టీసు. ఒక కుర్రాడు నెట్టు మధ్యకి వచ్చి రాకెట్టు నిలువుగా నేల మీద ఆనించాడు. దాని పైన ఇంకో రాకెట్టు తలని అడ్డంగా పెట్టాడు. నెట్టు పైఅంచు దానికి సరిపోయిందో లేదో చూసి, మధ్య పట్టీని కొంచెం బిగించాడు. రాకెట్టు పొడవు 27 అంగుళాలు, రెండో దాని తల వెడల్పు ఇంకో తొమ్మిది. నెట్టు మధ్యలో ఉండాల్సింది మూడు అడుగులు. విజయవాడలో కోర్టు చూసుకునే మా పాత మార్కరు కూడా టేపు వాడేవాడు కాదు, అచ్చంగా ఇలాగే చూసేవాడు. ఈ కుర్రాడికి మార్కరు లేడు, తనే చూసుకున్నాడు. ఆ తర్వాత బుట్టెడు బంతులు పెట్టుకుని రెండో సర్వ్ ఒక్కటే వేస్తూ పోయాడు. మొదటి సర్వ్ జోలికే వెళ్ళలేదు. వీడెవడో పనిమంతుడు అనుకున్నాను.

మార్చి 23, ఆదివారం

ఈ రోజు అసలు మ్యాచ్. మగపిల్లల జట్టు, పక్క రాష్ట్రం యూనివర్సిటీతో. టిక్కెట్టు లేదు, నేరుగా వెళ్ళి కూర్చోవడమే.

కాలేజీ టెన్నిస్ స్కోర్లు ఏజెన్సీ కాపీలో ఎన్నోసార్లు చూశాను. 4-3 అని వచ్చేది. టెన్నిస్‌లో నాలుగు మూడు ఏమిటని కొత్తగా డెస్కులో చేరిన కుర్రాళ్ళు అడిగేవాళ్ళు. చెప్పేవాణ్ణి గానీ, కళ్ళతో చూడటం ఇదే మొదలు. ముందు మూడు కోర్టుల్లో మూడు డబుల్స్ ఒక్కసారే మొదలవుతాయి. ఒక్కొక్కటీ ఒకే సెట్టు. మూడింటిలో రెండు గెలిచిన జట్టుకి ఒక పాయింటు. ఆ తర్వాత ఆరు కోర్టుల్లో ఆరు సింగిల్స్, అవీ ఒక్కసారే, ఒక్కో దానికి ఒక పాయింటు. మొత్తం ఏడు. నాలుగు ముందు ఎవరికొస్తే మ్యాచ్ వాళ్ళది. జట్టులో మొనగాడు ఒకటో కోర్టులో గెలిచినా, అందరికంటే కింద ఉన్నవాడు ఆరో కోర్టులో గెలిచినా వచ్చేది అదే ఒక్క పాయింటు.

ఈ చివరి సంగతి కాగితం మీద చిన్నది. స్టేడియంలో మాత్రం అంతా అదే.

టెన్నిస్ అంటే మన దగ్గర చర్చిలో కూర్చున్నట్టు కూర్చుంటాం. పాయింటు నడుస్తుండగా ఎవరైనా దగ్గితే అందరూ తిరిగి చూస్తారు. ఇక్కడ ఆరు కోర్టుల అరుపులు ఒకదానిమీద ఒకటి పడుతుంటాయి. రెండో కోర్టులో వాడు బ్యాక్‌హ్యాండ్ లైను మీద పెట్టి గర్జిస్తాడు, ఆ గర్జన విని ఐదో కోర్టులో తోటివాడు తన పాయింటు మధ్యలో ఉన్నా సరే పేరు పెట్టి కేకేస్తాడు. కోచ్‌లు కోర్టులోనే బెంచీ పక్కన నిలబడి మాట్లాడుతుంటారు. గ్యాలరీలో విద్యార్థులు అవతలి జట్టువాడి డబుల్ ఫాల్టుకి చప్పట్లు కొడతారు. మర్యాద కాదు. మా ఆవిడకి అసలు నచ్చలేదు. "పాపం, వాడికీ ఒక తల్లి ఉంటుంది" అంది. నాకు మొదటి అరగంట చికాకేసింది. తర్వాత ఏ కోర్టు వైపు చూడాలో తెలియక మెడ నొప్పి పుట్టింది. ఆ తర్వాత నేను కూడా అరిచానని మా ఆవిడ అంటుంది.

రూల్సు కూడా మన టీవీ టెన్నిస్ రూల్సు కావు. డ్యూస్ అయితే అడ్వాంటేజీలు లేవు, ఒక్కటే పాయింటు. సర్వ్ ఏ వైపు అందుకోవాలో అందుకునేవాడే ఎంచుకుంటాడు. మగపిల్లల ఆటలో సర్వ్ నెట్టుకి తగిలి లోపల పడినా లెట్టు లేదు, పరిగెత్తి ఆడాల్సిందే. లైను దగ్గర మనుషులు ఉండరు. తన వైపు పడ్డ బంతి లోపలో బయటో ఆటగాడే చెప్పాలి. నచ్చకపోతే అవతలివాడు కుర్చీలో ఉన్న అంపైరు వైపు చూస్తాడు, ఆయన కొట్టేస్తే కొట్టేసినట్టు. ఇరవై ఏళ్ళ కుర్రాడు, మ్యాచ్ పీకల మీదకి వచ్చిన వేళ, లైను మీద సగం పడ్డ బంతిని "లోపలే" అని తనకి నష్టమైన మాట చెప్పాలి. ఈ రోజు నాలుగో కోర్టులో ఒకడు చెప్పాడు. గ్యాలరీలో ఎవరూ పట్టించుకోలేదు, అవతలి కుర్రాడు మాత్రం రాకెట్టు కాస్త పైకెత్తాడు.

మ్యాచ్ మూడు మూడుకి వచ్చి ఆరో కోర్టు మిగిలింది. సన్నటి పిల్లాడు, టోపీ వెనక్కి తిప్పి పెట్టుకున్నాడు. ఆట అయిపోయినవాళ్ళంతా, గెలిచినవాళ్ళూ ఓడినవాళ్ళూ, వచ్చి ఆ కోర్టు కంచె పక్కన వరసగా కూర్చున్నారు. ఒకటో నంబరువాడు, ఇందాక దర్జాగా ఏసులు కొట్టినవాడు, ఈ పిల్లాడి తువ్వాలు అందించడానికి ఎదురుచూస్తున్నాడు. మూడో సెట్టు, డ్యూస్, ఒక్క పాయింటు. పిల్లాడు చెయ్యి నిక్కరుకి తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. సర్వ్ నెట్టు తగిలి అవతల పడింది. అవతలివాడు లెట్టు అనుకునే అలవాటులో ఒక అడుగు ఆలస్యమయ్యాడు, అంతే. జట్టంతా కంచె తలుపు తోసుకుని వాడి మీద పడింది.

మిగతా రోజుల్లో నాలుగో పాయింటు ముందే వచ్చేస్తే తక్కిన కోర్టుల్లో ఆట మామూలుగా ఎక్కడిదక్కడ ఆగిపోతుందట. 5-4 మీద గెలవబోతున్నవాడైనా సంచీ సర్దుకోవలసిందే. "అసంపూర్తి" అని రాస్తారు. టెన్నిస్ ఆటగాడి అహంకారానికి ఇంతకంటే మంచి మందు నేను వినలేదు.

ఏప్రిల్ 1, మంగళవారం

పొద్దున్నించీ వాన. పచ్చపొడి అంతా కాలవల్లో కొట్టుకుపోయింది. కోర్టుల పక్కన ఇండోర్ హాలుంది. వాన పడితే జట్లు ఆటని అందులోకి మార్చుకుంటాయి. తలుపు దగ్గర నిలబడి కాసేపు విన్నాను. లోపల బంతి చప్పుడు రెట్టింపు వినిపిస్తుంది. తుమ్ములు తగ్గాయి.

ఏప్రిల్ 2, బుధవారం

ఈ కాంప్లెక్సుకి పేరిచ్చిన డాన్ మగిల్ 1921లో ఈ ఊళ్ళోనే పుట్టాడు, 93 ఏళ్ళు బతికి 2014లో ఇక్కడే పోయాడు. మెరైన్స్‌లో పనిచేసి వచ్చాడు. యూనివర్సిటీలో అసలు ఉద్యోగం ఆటల వార్తలు పత్రికలకి అందించడం. అంటే నాలాంటివాళ్ళకి కాపీ పంపే మనిషి. 1955లో టెన్నిస్ కోచ్ కూడా అయ్యాడు. 1988లో దిగిపోయేసరికి ఆయన జట్టు 706 మ్యాచ్‌లు గెలిచింది, 183 ఓడింది. 1985లో ఒకసారి, 1987లో ఒకసారి జాతీయ విజేత.

అంకెలు అలా ఉంచితే, నాకు నచ్చింది ఆయన పట్టు. అప్పట్లో కాలేజీ టెన్నిస్ అంటే కాలిఫోర్నియా. ఎండ వాళ్ళది, కోర్టులు వాళ్ళవి, ఆటగాళ్ళూ వాళ్ళే. దక్షిణాదిన ఫుట్‌బాల్ తప్ప ఇంకో ఆట కంటికి ఆనని ఊళ్ళో కూర్చుని, జాతీయ పోటీలు ఇక్కడికి రావాలని ఈయన పట్టుబట్టాడు. 1972లో మొదటిసారి తెచ్చాడు. 1977లో స్టేడియం లేచింది. ఆ ఏడాది నుంచి 1989 దాకా పోటీలు ఏటా ఇక్కడే. వార్తలు రాసే ఉద్యోగం కాబట్టి జనాన్ని ఎలా రప్పించాలో ఆయనకి తెలుసు. టెన్నిస్ ముఖం చూడనివాళ్ళు కూడా గ్యాలరీకొచ్చి ఫుట్‌బాల్‌కి అరిచినట్టే అరిచారు. నేను మొన్న చిరాకుపడ్డ ఆ గోల అలా మొదలైందే.

1978లో స్టాన్‌ఫర్డ్ నుంచి మొదటి సంవత్సరం కుర్రాడొకడు వచ్చి ఇక్కడ సింగిల్స్ గెలిచాడు. ఫైనల్లో నార్త్ కరొలైనా స్టేట్ జట్టు జాన్ సాడ్రీ మీద 7-6, 7-6, 5-7, 7-6. ఆ కుర్రాడు జాన్ మెకన్రో. తర్వాత చదువు మానేసి ప్రొఫెషనల్ అయిపోయాడు. మగిల్ సొంత పంట మికాయెల్ పెర్న్‌ఫోర్స్ అనే స్వీడన్ పిల్లాడు. ఫ్లోరిడాలో చిన్న కమ్యూనిటీ కాలేజీలో ఆడుతుంటే ఇక్కడికొచ్చాడు. 1984లో, 1985లో వరసగా సింగిల్స్ విజేత. రెండోసారి ఫైనల్లో ఎదురుపడింది సొంత జట్టువాడే. మరుసటి ఏడాది ఫ్రెంచ్ ఓపెన్‌లో సీడింగ్ లేకుండా దిగి, ఎడ్‌బర్గ్‌నీ బెకర్‌నీ ఓడించి ఫైనల్ దాకా వెళ్ళి లెండిల్ చేతిలో ఆగాడు. పెర్న్‌ఫోర్స్ పేరు తెలుగులో ఎలా రాయాలని మా డెస్కులో పెద్ద గొడవ జరిగింది.

మగిల్ తర్వాత కోచ్ మాన్యుయెల్ డియాజ్. ప్యూర్టోరికో మనిషి, మగిల్ దగ్గరే ఆడినవాడు. ఆయన 2024లో రిటైరయ్యాడు. జాతీయ టైటిళ్ళు నాలుగు, 1999, 2001, 2007, 2008. లెక్కేసుకుంటే 1955 నుంచి 2024 దాకా ఇద్దరే కోచ్‌లు! మన దగ్గర క్రీడా సంఘాల్లో కూడా మనుషులు అలాగే పాతుకుపోతారు గానీ, వాళ్ళు పాతుకుపోయేది కుర్చీలో.

ఇక్కడే కాలేజీ టెన్నిస్ హాల్ ఆఫ్ ఫేమ్ భవనం. కంట్రీ గాయకుడు కెన్నీ రోజర్స్ ఇచ్చిన డబ్బుతో 1984లో తెరిచారు. కోచింగ్ మానేశాక మగిల్ దీనికి క్యూరేటరుగా ఉన్నాడు. నేను వెళ్ళేసరికి తాళం వేసి ఉంది.

ఏప్రిల్ 5, శనివారం

గ్యాలరీలో పక్క వరసలో తెలుగు వినిపించింది. "ఒరేయ్, ఫోన్ పక్కన పెట్టి ఆ రిటర్న్ చూడరా." తిరిగి చూస్తే నలభై దాటిన నాన్న, పన్నెండేళ్ళ కొడుకు, ఇద్దరి మధ్యా పిల్లాడికంటే పెద్దదైన రాకెట్ల సంచీ. అట్లాంటా ఉత్తరాన కమింగ్ నుంచి వచ్చారట. అక్కడ తెలుగువాళ్ళు ఎక్కువ.

"మీరు కూడా టెన్నిస్సా అంకుల్?" అన్నాడాయన. రాసేవాణ్ణి, ఆడేవాణ్ణి కాదన్నాను. ఇక ఆగలేదు. వారాంతాల్లో టోర్నమెంట్లు, హోటళ్ళు, కోచింగు, రాకెట్టుకి తీగలు మార్పించడం. "మా నాన్న నన్ను పదో తరగతిలో బ్యాటు ముట్టుకోనివ్వలేదు అంకుల్. ఇంటర్లో హాస్టల్లో పడేశారు. వీడికి ఆ పని చెయ్యకూడదని" అన్నాడు. కాసేపాగి, "కాలేజీ అప్లికేషన్లో కూడా పనికొస్తుంది కదా" అని చేర్చాడు.

నాకు నవ్వొచ్చింది, పైకి నవ్వలేదు. మన ఇళ్ళల్లో చదువా ఆటా అన్న పంచాయితీ పదో తరగతి దగ్గర తేలిపోయేది, ఎప్పుడూ చదువువైపే. ఈయన దాన్ని తిరగేశాడు. ఇప్పుడు చదువు కోసమే ఆట. పిల్లాడు ఎటు తిరిగినా అదే ఇంటికి చేరుతున్నాడు. అయినా ఇందులో తప్పు పట్టడానికి నాకేం కనిపించలేదు. కంచె అవతల ఆడుతున్నవాళ్ళు కూడా రేపు క్లాసుకి వెళ్ళవలసినవాళ్ళే.

మనవాళ్ళు ఈ దారిన వెళ్ళనూ వెళ్ళారు. మన వుయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీకి ఆడాడు. అలబామా, జార్జియా ఒకే కాన్ఫరెన్సులోవి, అంటే ఒకే లీగులో ఆడేవి. 2014 ఆసియా క్రీడల్లో సానియాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం తెచ్చింది అతనే. నిశేష్ బసవరెడ్డి తల్లిదండ్రులది నెల్లూరు. పిల్లాడు పుట్టింది కాలిఫోర్నియాలో, స్టాన్‌ఫర్డ్‌లో రెండేళ్ళు ఆడి ప్రొఫెషనల్ అయ్యాడు. 2025 ఆస్ట్రేలియన్ ఓపెన్ మొదటి రౌండులో జకోవిచ్ మీద మొదటి సెట్టు లాగేశాడు. ఈ రెండు పేర్లూ చెప్పగానే కమింగ్ తండ్రి కొడుకు భుజం మీద చెయ్యేశాడు. కొడుకు ఫోన్ మళ్ళీ తీశాడు.

ఏప్రిల్ 12, శనివారం

ఎండ బాగా ఉంది, కోర్టుల్లో ఎవరూ లేరు. జట్టు పొరుగూరు మ్యాచ్‌కి వెళ్ళింది. మెట్ల మీద కూర్చుని 2007 సింగిల్స్ ఫైనల్ గురించి ఆలోచించాను. నేను చూడాలనుకుని చూడలేకపోయిన మ్యాచ్ అది.

ఆ ఏడు మే నెలలో మగవాళ్ళ పోటీలూ ఆడవాళ్ళ పోటీలూ రెండూ ఇక్కడే జరిగాయి. మగవాళ్ళ టైటిల్ జార్జియాది, ఫైనల్లో ఇల్లినాయ్ మీద 4-0. ఆ సీజన్లో వాళ్ళు ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. ఆడవాళ్ళ టైటిల్ అట్లాంటాలోని జార్జియా టెక్‌ది. ఈ రెండు యూనివర్సిటీలకీ ఒకరంటే ఒకరికి పడదు, వాళ్ళొచ్చి వీళ్ళ గడ్డ మీద టెన్నిస్‌లో తమ మొదటి జాతీయ కప్పు ఎత్తుకుపోయారు. టెక్ కోచ్ బ్రయాన్ షెల్టన్. ఆయన కొడుక్కి అప్పుడు నాలుగేళ్ళు. ఎడమచేత్తో పిడుగుల్లాంటి సర్వ్‌లు వేస్తూ ఇవ్వాళ టీవీలో కనిపించే బెన్ షెల్టన్ వాడే.

ఆ పైన సింగిల్స్ ఫైనల్. ఒకవైపు జాన్ ఇస్నర్, జార్జియా ఒకటో నంబరు, ఎత్తు 208 సెంటీమీటర్లు, ఆఖరి సంవత్సరం, సొంత గడ్డ, సొంత జనం. రెండోవైపు వర్జీనియా యూనివర్సిటీ కుర్రాడు సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్. గువాహటిలో పుట్టి మద్రాసులో ఆట నేర్చినవాడు. అంతకుముందు ఏడాది ఫైనల్లో ఓడినవాడు. ఎత్తులో ఇస్నర్ భుజం దగ్గరికి వస్తాడేమో. సర్వ్‌లో పోలికే లేదు. సోమ్‌దేవ్‌కి ఉన్నవి కాళ్ళూ, ఓపికా. తిరిగొచ్చిన ప్రతి బంతినీ ఇంకోసారి ఆడమని అవతలివాడికి పంపించే రకం.

7-6, 4-6, 7-6. సోమ్‌దేవ్.

ఈ మెట్ల మీద కూర్చుంటేగానీ ఆ స్కోరు బరువు తెలియలేదు. ఇస్నర్ సర్వ్ గురించి చెప్పనక్కర్లేదు. మూడేళ్ళ తర్వాత వింబుల్డన్‌లో మహూతో ఆడిన మ్యాచ్ 11 గంటల 5 నిమిషాలు సాగి 70-68 దగ్గర తెగింది, ప్రధాన కారణం ఆ సర్వే. అలాంటి సర్వ్‌ని, గ్యాలరీ అంతా అవతలివాడి పేరే పలుకుతుంటే, చివరి సెట్టు టైబ్రేకు దాకా మోసుకెళ్ళి, ఆ టైబ్రేకులో ఓడించడం. నేను మొన్న చూసింది మామూలు ఆదివారం మ్యాచ్. దానికే చెవులు గింగుర్లెత్తాయి. ఇస్నర్ ఆఖరి మ్యాచ్‌కి ఈ జనం ఎంత అరిచి ఉంటారో! ఇక్కడింకో తమాషా ఉంది. జట్టు పోటీల్లో గొంతు కలిపే తోటివాళ్ళు పక్కనుంటారు. సింగిల్స్ ఫైనల్లో సోమ్‌దేవ్ ఒక్కడే. కాలేజీ టెన్నిస్ తన ఆటగాణ్ణి నాలుగేళ్ళు గుంపులో పెంచి, చివరికి ఇలా ఒంటరిగా నిలబెడుతుంది. మరుసటి ఏడాది టల్సాలో మళ్ళీ గెలిచాడు. ఆ తర్వాత 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో సింగిల్స్, డబుల్స్ రెండు స్వర్ణాలు.

2007 ఫైనల్ వార్త డెస్కుకి వచ్చిన నెలలో మన క్రికెట్ జట్టు బంగ్లాదేశ్ పర్యటనలో ఉంది. పేజీ ఎలా ఉండి ఉంటుందో వేరే చెప్పాలా?

ఏప్రిల్ 19, శనివారం

రాత్రి భోజనాల దగ్గర అల్లుడు అడిగాడు. టిక్కెట్టు కూడా లేని ఈ ఆటకి ఇంత స్టేడియం ఎవరు కట్టారని. దాతలు కొంత, మిగతాది ఫుట్‌బాల్. ఊరి మధ్యలో శాన్‌ఫర్డ్ స్టేడియం ఉంది, 92 వేల మంది పైన పడతారు. ఆ టిక్కెట్లూ టీవీ డబ్బులూ తక్కిన ఆటలని మోస్తాయి. తలకాయంత బంతితో గుద్దుకునేవాళ్ళ సంపాదన మీద టెన్నిస్ బతుకుతోందన్నమాట. ఫుట్‌బాల్ అంత ఆడని చోట్ల కష్టం. 2020లో కరోనా దెబ్బకి చాలా కాలేజీలు టెన్నిస్ జట్లనే ఎత్తేశాయి. ఇక్కడ ఆ భయం లేదు. మగిల్ పోగుచేసిన జనం ఇంకా వస్తున్నారు.

"అంటే మా కోళ్ళలాగే, గుడ్లు పెట్టేదాన్ని బట్టే మేత" అన్నాడు అల్లుడు. మా ఆవిడ ఇంకో గరిటె పప్పు వేసింది అతనికి.

మే 3, శనివారం

పొద్దున్నే గుడివాడ నుంచి ఫోన్. ఒకప్పుడు కాలేజీలో ఫిజికల్ డైరెక్టరుగా చేసిన మిత్రుడు. మనవడు పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళలో బాగా ఆడుతున్నాడట. ఎవరో అకాడమీవాళ్ళు అమెరికాలో ఫుల్ స్కాలర్‌షిప్ గ్యారంటీ అని చెప్పి ఫీజు అడుగుతున్నారట. "నువ్వక్కడే ఉన్నావు కదా, నిజమేనా?"

గ్యారంటీ అన్నవాడి మాట నమ్మొద్దన్నాను. కాలేజీ ఆటల్లో పై అంచె అయిన డివిజన్ వన్‌లో మగపిల్లల టెన్నిస్ జట్టు మొత్తానికి ఇన్నాళ్ళూ ఉన్నవి నాలుగున్నర స్కాలర్‌షిప్పులే. వాటినే ఎనిమిది తొమ్మిది మందికి ముక్కలు చేసి పంచేవాళ్ళు. ఆడపిల్లలకి ఎనిమిది పూర్తివి ఉండేవి. ఇప్పుడా పద్ధతి చాలా చోట్ల మారింది. జట్టుకి పదిమంది, అందులో ఎంతమందికి ఎంత ఇవ్వాలో కాలేజీ ఇష్టం. ఇవ్వొచ్చు అంటే ఇస్తారని కాదు. పైగా పోటీ అమెరికావాళ్ళతో ఒక్కటే కాదు. స్పెయిన్, ఫ్రాన్స్, అర్జెంటీనా, చెక్ పిల్లలంతా ఇదే గుమ్మం ముందున్నారు. పెర్న్‌ఫోర్స్ రోజుల నుంచీ ఉన్నదే అది.

"మరి ఏం చెయ్యమంటావు?"

కోచ్‌లు చూసేది యూటీఆర్ అనే రేటింగు. అది ఎంతుందో చూడు. మ్యాచ్ మొత్తం వీడియో తీసి పంపు, మంచి షాట్లు ఏరి కట్టిన ముక్కలు కాదు. మార్కులు తగ్గనివ్వకు. కోచ్‌కి ఉత్తరం వాణ్ణే రాయమను, నువ్వు రాయకు. ఇవన్నీ చెప్పుకుంటూ పోయాను. ఆయన ఊఁ కొడుతూ రాసుకుంటున్నాడు.

"ఒక్క సంగతి అడుగుతాను, డబుల్స్ ఎలా ఆడతాడు?"

అటు కాసేపు మాట లేదు. "వాడికి పక్కన ఇంకొకడుంటే గిట్టదురా. అన్ని బంతులూ వాడే కొట్టాలంటాడు."

మరైతే ఈ వేసవంతా డబుల్సే ఆడించమని, అదీ తనకంటే తక్కువ ఆడేవాణ్ణి జోడీగా పెట్టి ఆడించమని చెప్పాను. మనవణ్ణి అడిగి చెప్తానన్నాడు. వెనకాల పిల్లాడి గొంతు "నేనాడను తాతయ్యా" అంటోంది.